వాఘా దాటి వచ్చిన మన మత్స్యకారులు, పాకిస్తాన్–ఇండియా ప్రజావేదిక చరిత్ర

తీరవాసి (శ్రీకాకుళం):

సభ్యులందరికీ నమస్కారం. 2018 నవంబరు చివరలో గుజరాత్ సముద్రంలో వేట చేస్తూ పాకిస్తాన్ సముద్ర భద్రతా సంస్థకు పట్టుబడిన మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులలో ఇరవైమంది, 2020 జనవరి 6న వాఘా సరిహద్దు దాటి మన నేల మీద అడుగు పెట్టారు. ఆ పదమూడు నెలలు ఇక్కడి ఊళ్ళు ఎలా గడిపాయో నేను దగ్గర నుంచి చూశాను. కలెక్టరు కార్యాలయానికి, శాసనసభ్యుల ఇళ్ళకు, ఢిల్లీకి అర్జీలు పెట్టుకుంటూ తిరిగిన ఆడవారికి, కరాచీ ఎక్కడుందో, అక్కడి మలీర్ జైలు ఎలా ఉంటుందో ఊహకు కూడా అందలేదు.

ఆ రోజులలోనే ఒక సంస్థ పేరు మొదటిసారి విన్నాను. శాంతి, ప్రజాస్వామ్యాల కోసం ఏర్పడిన పాకిస్తాన్–ఇండియా ప్రజావేదిక అని దాని పేరు. జతిన్ దేశాయ్ వంటి ఆ వేదిక కార్యకర్తలు రెండు వైపులా జైళ్ళలో మగ్గే జాలరుల కోసం ఏళ్ళ తరబడి వెంటపడుతున్నారని తరువాత తెలిసింది. మనవాళ్ళ విడుదలకు కేంద్రమూ రాష్ట్రమూ చేసిన ప్రయత్నాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే ఢిల్లీ, లాహోర్ నగరాలలో పెద్దలు కూర్చుని మాట్లాడుకునే ఒక పౌర బృందానికి, మా తీరంలో వల బాగుచేసుకునే కుటుంబానికి సంబంధం ఎలా కుదిరిందో తెలుసుకోవాలని ఉంది. ఈ వేదిక ఎప్పుడు, ఎవరి చొరవతో పుట్టిందో తెలిసినవారు వివరంగా చెప్పగలరా?

పాత పత్రికలు (హైదరాబాద్):

తీరవాసి గారూ, ఈ చరిత్రను 1994 నుంచి మొదలుపెట్టాలి. ఆ సంవత్సరం జనవరిలో ఇస్లామాబాద్‌లో జరిగిన విదేశాంగ కార్యదర్శుల చర్చలు ఫలితం లేకుండా ముగిశాయి. తరువాత మూడేళ్ళ పాటు ఆ స్థాయిలో మళ్ళీ మాటలే లేవు. కశ్మీర్ మండుతోంది, అంతకు రెండేళ్ళ ముందు బాబ్రీ మసీదు కూల్చివేత, దాని వెంట వచ్చిన అల్లర్లు రెండు దేశాలలోనూ మనసులను విరిచేశాయి. అదే సంవత్సరంలో బొంబాయిలోని పాకిస్తాన్ దౌత్య కార్యాలయం మూతపడింది, సంవత్సరాంతానికి కరాచీలోని మన కార్యాలయమూ మూతపడింది. ఈ రెండు మూసివేతలను గుర్తుంచుకోండి; మీ జాలరుల కథకు వాటితో సంబంధం ఉంది.

ప్రభుత్వాలు మాట్లాడుకోని ఆ సమయంలో, 1994 సెప్టెంబరులో, ఇరు దేశాల నుంచి పాతికమంది లాహోర్‌లో కలుసుకున్నారు. యుద్ధాన్ని, యుద్ధ వాతావరణాన్ని తిరస్కరించాలనీ, ఆయుధాల మీద ఖర్చు తగ్గాలనీ, మత అసహనాన్ని రెండు సమాజాలూ తమ తమ ఇళ్ళలో ఎదుర్కోవాలనీ వారు ఒక మాట మీదకు వచ్చారు. అన్నిటికంటే కష్టమైన కశ్మీర్ విషయంలో, అది రెండు రాజ్యాల మధ్య నేల తగాదా మాత్రమే కాదనీ, అక్కడి ప్రజల ఆకాంక్షలకు అనుగుణంగా ప్రజాస్వామ్య పద్ధతిలో పరిష్కారం వెతకాలనీ ఉమ్మడిగా రాసుకున్నారు. రెండు ప్రభుత్వాలకూ నచ్చని వాక్యం అది. ఇటువారూ అటువారూ దాని కింద కలిసి సంతకం చేయడం నా దృష్టిలో చిన్న సంగతి కాదు.

తొలినాటి పెద్దలలో మన వైపు నిర్మల్ ముఖర్జీ ఉన్నారు. బ్రిటిషు కాలపు ఉన్నత పాలనా సేవ అయిన ఐసీఎస్ నుంచి ఉద్యోగంలో మిగిలిన చివరి అధికారి ఆయన. కేబినెట్ కార్యదర్శిగా పదవీ విరమణ చేశారు. రాజనీతి శాస్త్రవేత్త రజనీ కొఠారీ, డాక్యుమెంటరీ చిత్రాల దర్శకుడు తపన్ బోస్ కూడా ఆ పనిలో ఉన్నారు. అటు వైపు పాత్రికేయుడు ఐ.ఎ. రెహ్మాన్, మానవ హక్కుల న్యాయవాది అస్మా జహంగీర్, కార్మిక నాయకుడు కరామత్ అలీ, భుట్టో ప్రభుత్వంలో ఆర్థిక మంత్రిగా పనిచేసిన డాక్టర్ ముబషిర్ హసన్ ఉన్నారు. ముబషిర్ హసన్ పుట్టింది పానిపట్‌లో, రెహ్మాన్ పుట్టింది నేటి హర్యానాలోని హసన్‌పూర్‌లో. కరాచీలో స్థిరపడిన మరో వేదిక కార్యకర్త బి.ఎం. కుట్టి కేరళలోని తిరూర్ వాడు. పుట్టిన ఊరు సరిహద్దుకు అవతల ఉండిపోయిన తరం అది. శాంతి వారికి చర్చకు పెట్టుకున్న అంశం కాదు, సొంత ఇంటి వ్యవహారం.

మొదటి ఉమ్మడి మహాసభ 1995 ఫిబ్రవరిలో ఢిల్లీలో జరిగింది. కరాచీ దౌత్య కార్యాలయం మూతపడి రెండు నెలలైనా కాకముందే పాకిస్తానీ ప్రతినిధులు వీసాలు సంపాదించుకుని వచ్చారు. అదే సంవత్సరం నవంబరులో లాహోర్‌లో రెండవ సభ, 1996 డిసెంబరులో కలకత్తాలో మూడవది జరిగాయి.

సైనిక కుటుంబం (కర్నూలు):

పాత పత్రికలు గారు ఇచ్చిన వివరాలకు కృతజ్ఞతలు. అయితే నాకున్న సందేహాన్ని దాచుకోకుండా చెబుతాను. మా ఇంట రెండు తరాలవారు సైన్యంలో పనిచేశారు. 1999 ఫిబ్రవరిలో ప్రధాని వాజపేయి బస్సులో లాహోర్ వెళ్ళి వచ్చారు. మే నెలలో కార్గిల్ కొండల మీద మన పిల్లలు ప్రాణాలు ఇచ్చారు. ప్రభుత్వాధినేతలే చేతులు కలిపినా జరగవలసింది జరిగినప్పుడు, ఏ అధికారమూ లేని పౌరులు సభలు పెట్టి తీర్మానాలు రాసినందువల్ల ఏం ఒరిగింది? పైగా సరిహద్దు మీద నిలబడినవాడి త్యాగాన్ని ఈ సభలవారు ఎప్పుడైనా లెక్కలోకి తీసుకున్నారా? ఎవరినీ నొప్పించడానికి అడగడం లేదు. తెలుసుకోవాలనే అడుగుతున్నాను.

విశాఖ సముద్రం:

సైనిక కుటుంబం వారి ప్రశ్న న్యాయమైనది. దానికి ఒక మనిషి జీవితంతో సమాధానం చెప్పడానికి ప్రయత్నిస్తాను.

మా నగరంలో బీచ్ రోడ్డు మీద 1971 యుద్ధ స్మారకం ఉంది. ఆ సంవత్సరం డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఈ తీరానికి దగ్గరలోనే మునిగిపోయింది. అందులో ఉన్నవారిలో ఒక్కరూ బ్రతకలేదు. అదే యుద్ధంలో మన తూర్పు నౌకా శ్రేణికి చెందిన ఐఎన్ఎస్ బియాస్ నౌకకు నాయకత్వం వహించి, బంగాళాఖాతంలో తూర్పు పాకిస్తాన్ తీరాన్ని దిగ్బంధించడంలో పాల్గొని వీరచక్ర పొందిన అధికారి పేరు లక్ష్మీనారాయణ్ రామదాస్. ఆయన 1990 నుంచి 1993 వరకు భారత నౌకాదళాధిపతిగా ఉన్నారు. విరమణ తరువాత అలీబాగ్ దగ్గర ఒక పల్లెలో వ్యవసాయం చేసుకుంటూ ఈ ప్రజావేదికలో చేరారు. భారత విభాగానికి అధ్యక్షత వహించారు. 1998 అణు పరీక్షలను బాహాటంగా వ్యతిరేకించారు. శాంతి, అంతర్జాతీయ సదవగాహన విభాగంలో 2004 సంవత్సరపు రామన్ మెగసెసే పురస్కారాన్ని ఆయనకు, పాకిస్తాన్ వైపు ఐ.ఎ. రెహ్మాన్‌కు కలిపి ఇచ్చారు.

యుద్ధం చేసి, గెలిచి, ఆ గెలుపుకు పతకం అందుకున్న మనిషి ఆయన. సైనికుడి త్యాగం ఆయనకు తెలియదని ఎవరూ అనలేరు. ఆయన భార్య లలితా రామదాస్, స్వతంత్ర భారత నౌకాదళానికి తొలి భారతీయ అధిపతి అయిన మన తెలుగువారు అడ్మిరల్ రామదాస్ కటారి గారి కుమార్తె. ఆమె కూడా ఈ శాంతి కృషిలో భర్తతో సమానంగా నడిచారు. అడ్మిరల్ లక్ష్మీనారాయణ్ రామదాస్ 2024 మార్చిలో హైదరాబాద్‌లో కన్నుమూశారు. మన పత్రికలలో ఆయన నౌకాదళ జీవితానికి దొరికినంత చోటు ఆ తరువాతి ముప్పై ఏళ్ళకు దొరకకపోవడం నన్ను బాధించింది.

పాత పత్రికలు (హైదరాబాద్):

విశాఖ సముద్రం గారికి ధన్యవాదాలు. కార్గిల్ గురించి సైనిక కుటుంబం వారు అడిగినదానికి తేదీలతో జవాబు చెబుతాను. ఆ తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే వేదిక స్వభావం తెలుస్తుంది.

1998 మే 11, 13 తేదీలలో మనం, 28, 30 తేదీలలో పాకిస్తాన్ అణు పరీక్షలు జరిపాము. రెండు దేశాలలోనూ వీధులలో మిఠాయిలు పంచారు. ఆరు నెలలకు, నవంబరులో, వేదిక నాలుగవ మహాసభను పెషావర్‌లో జరిపింది. అణ్వాయుధాలు వద్దని సొంత దేశంలో చెప్పడమే దేశద్రోహంగా చూస్తున్న రోజులలో, భారతీయులు ఖైబర్ కనుమ ముంగిట ఉన్న ఆ నగరానికి వెళ్ళి పాకిస్తానీయులతో కలిసి ఆ మాట చెప్పారు. 1999లో కార్గిల్, అక్టోబరులో పాకిస్తాన్‌లో సైనిక తిరుగుబాటు, డిసెంబరులో మన విమానం హైజాక్. వాటి వెనుకనే 2000 ఏప్రిల్‌లో బెంగళూరులో అయిదవ మహాసభ జరిగింది. 2001 డిసెంబరులో పార్లమెంటుపై దాడి జరిగాక రైళ్ళు, బస్సులు, విమానాలు అన్నీ ఆగిపోయాయి. సైన్యాలు నెలల తరబడి ఎదురెదురుగా మోహరించాయి. అందువల్ల ఆరవ సభ 2003 డిసెంబరు వరకు ఆగింది. అది కరాచీలో జరిగింది. నియంత్రణ రేఖ వద్ద కాల్పుల విరమణ కుదిరి అప్పటికి మూడు వారాలు కూడా కాలేదు.

యుద్ధాన్ని ఆపడం ఈ వేదిక చేతిలో ఎన్నడూ లేదు, ఆ శక్తి తమకు ఉందని వారూ చెప్పుకోలేదు. యుద్ధం ముగిసిన మరుసటి రోజు అవతలివాడికి ఉత్తరం రాయగల మనుషులు రెండు వైపులా మిగిలి ఉండేలా చూడటం మాత్రం వారు చేశారు. నేను దీనినే వారి అసలు పనిగా భావిస్తాను.

చాదర్‌ఘాట్ (హైదరాబాద్):

ఇంతవరకు చదువుతూ ఊరుకున్నాను. మా కుటుంబ విషయం ఒకటి చెప్పాలనిపించింది. మా తాతగారి అక్క పోలీసు చర్య తరువాత భర్తతో కరాచీ వెళ్ళారు. అక్కడ హైదరాబాద్ కాలనీ అని ఒక పేట ఉంది. మన ఊరి నుంచి వెళ్ళినవారు పచ్చళ్ళు, బగారా బైంగన్ వండుకుంటూ, మన ఉర్దూ యాసను ఇప్పటికీ నిలుపుకున్న పేట అది. ఆమెను మా తాతగారు మళ్ళీ చూడగలిగింది ఒక్కసారే.

పాత పత్రికలు గారు గుర్తుంచుకోమన్న దౌత్య కార్యాలయాల మూసివేత మాకు అనుభవం. అది మూతపడ్డాక కరాచీ ముసలమ్మ హైదరాబాద్ రావాలంటే వీసా కోసం ఇస్లామాబాద్‌కు దరఖాస్తు పంపుకోవాలి, లాహోర్ వరకు రైలు ఎక్కాలి, వాఘా దాటి ఢిల్లీ మీదుగా రావాలి. వీసా మీద రాసిన ఊళ్ళు తప్ప మరో ఊరు పోకూడదు, దిగిన ఊళ్ళో పోలీసులకు హాజరు చెప్పాలి. 1965 యుద్ధంలో తెగిన ఖోఖ్రాపార్–మునాబావ్ రైలు మార్గాన్ని తెరవాలని ఏళ్ళ తరబడి అడిగినవారిలో ఈ వేదికవారు కూడా ఉన్నారు. 2006 ఫిబ్రవరిలో ఆ రైలు మళ్ళీ నడిచింది. 2019 ఆగస్టులో మళ్ళీ ఆగింది. నడిచిన ఆ పదమూడేళ్ళలో ఎందరు అన్నాచెల్లెళ్ళు ఒకరినొకరు చూసుకున్నారో! శాంతి అంటే మా ఇంట్లో ఆ రైలు టికెట్టే.

న్యాయశాస్త్ర విద్యార్థిని (విజయవాడ):

తీరవాసి గారు అడిగిన మత్స్యకారుల విషయంలో చట్టం ఏమి చెబుతుందో చూద్దాము, ఎందుకంటే వేదిక వాదన చాలావరకు దాని మీదే నిలబడింది.

గుజరాత్, సింధ్ తీరాల మధ్య సర్ క్రీక్ అనే సుమారు 96 కిలోమీటర్ల ఉప్పునీటి పాయ ఉంది. సరిహద్దు ఆ పాయ నడిమధ్యగా నడుస్తుందో, తూర్పు ఒడ్డున నడుస్తుందో ఇరు దేశాలు తేల్చుకోలేదు. భూమి మీద గీత తేలనందువల్ల సముద్రం మీద గీతా తేలలేదు. గాలికి, పోటుకు, చేపల గుంపు వెంట పోతూ దాటిన పడవను ఏదో ఒక దేశపు గస్తీ నౌక పట్టుకుంటుంది. మన వైపూ ఇదే జరుగుతోందని, సింధ్ జాలరులు గుజరాత్ జైళ్ళలో ఉంటారని కూడా చెప్పుకోవాలి.

1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందాన్ని భారత్ 1995లో, పాకిస్తాన్ 1997లో ధ్రువీకరించాయి. దాని 73వ అధికరణ ప్రకారం ప్రత్యేక ఆర్థిక మండలంలో, అంటే తీర దేశానికి వేట హక్కులున్న సముద్ర భాగంలో, చేపల వేట నిబంధనలు ఉల్లంఘించినందుకు, సంబంధిత దేశాల మధ్య వేరే ఒప్పందం ఉంటే తప్ప, జైలు శిక్ష వేయకూడదు; తగిన పూచీకత్తు తీసుకుని పడవనూ, మనుషులనూ త్వరగా విడిచిపెట్టాలి. ఆచరణలో మాత్రం కొన్ని నెలల శిక్ష పూర్తయినవారు కూడా జాతీయత నిర్ధారణ కాగితాల కోసం సంవత్సరాల పాటు లోపలే ఉండిపోతున్నారు. శిక్ష పూర్తయిన మనిషికి జైలు గది ఎందుకన్నదే వేదికవారు పదే పదే అడిగే ప్రశ్న.

2007లో రెండు వైపులా విశ్రాంత న్యాయమూర్తులతో ఒక సంయుక్త సంఘం ఏర్పడి, రెండు దేశాల జైళ్ళనూ సందర్శించింది. 2013 తరువాత ఆ సందర్శనలు ఆగిపోయాయి. దానిని పునరుద్ధరించాలన్నది వేదిక కోరికలలో ముఖ్యమైనది. 2008 మే నెలలో కుదిరిన ఒప్పందం మేరకు, ప్రతి సంవత్సరం జనవరి 1న, జూలై 1న ఖైదీల జాబితాలు మార్చుకుంటారు. 2025 మే నెలలో నాలుగు రోజుల పాటు క్షిపణులు ఎగిరినా, జూలై 1న ఆ జాబితాలు చేతులు మారాయి. పాకిస్తాన్ ఇచ్చిన జాబితాలో 193 మంది జాలరులు ఉన్నారు.

సైనిక కుటుంబం (కర్నూలు):

అడ్మిరల్ రామదాస్ గురించి నాకు ఇంత తెలియదు. విశాఖ సముద్రం గారికి కృతజ్ఞతలు. మా నాన్నగారికి ఆ భాగం చదివి వినిపించాను. చాలాసేపు మౌనంగా ఉండి, యుద్ధం చేసినవాడికి శాంతి గురించి మాట్లాడే హక్కు అందరికంటే ముందు ఉంటుందని అన్నారు. ఖైదీల విషయంలో, కుటుంబాల రాకపోకల విషయంలో ఈ వేదిక పనిని నేను ఒప్పుకుంటున్నాను. కశ్మీర్ గురించి వారి వాక్యంతో మాత్రం ఏకీభవించలేను. సరిహద్దు దాటి వచ్చే ఉగ్రవాదానికి ఆ వాక్యంలో బరువు చాలలేదని నా అభిప్రాయం. మరొక ప్రశ్న ఉంది. 2011 తరువాత ఈ మహాసభల ఊసు నాకు వినబడలేదు. ఏమైంది?

పాత పత్రికలు (హైదరాబాద్):

ఏకీభవించని చోటును మీరు స్పష్టంగా చెప్పినందుకు సంతోషం. ఆ వేదిక లోపల కూడా ఆ వాక్యం మీద వాదాలు లేకపోలేదు.

2005 ఫిబ్రవరిలో ఢిల్లీలో ఏడవ మహాసభ జరిగింది. 2008 నవంబరులో ముంబయిపై జరిగిన దాడి తరువాత వాతావరణం పూర్తిగా మారిపోయింది. ఎనిమిదవ సభ 2011 డిసెంబరులో అలహాబాద్‌లో జరిగింది. 2012 సెప్టెంబరులో కుదిరిన వీసా ఒప్పందంలో, 65 ఏళ్ళు దాటినవారికి అటారీ–వాఘా వద్దనే వీసా ఇచ్చే ఏర్పాటు ఉంది. వేదిక ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్న తీరుకు అది దగ్గరగా ఉన్నందున అప్పట్లో చాలా ఆశపడ్డాము. 2013 జనవరిలో నియంత్రణ రేఖ వద్ద జరిగిన ఘటనలతో అది అప్పట్లో నిలిచిపోయింది. 2019 ఫిబ్రవరిలో పుల్వామా దాడి, ఆగస్టులో 370వ అధికరణ రద్దు, 2025 ఏప్రిల్‌లో పహల్గామ్ దాడి: ప్రతిసారీ ఒక తలుపు మూతపడింది. వీసాలే లేనప్పుడు ఉమ్మడి మహాసభ ఎలా జరుగుతుంది?

తరమూ వెళ్ళిపోయింది. 2018లో అస్మా జహంగీర్, 2019లో కుట్టి, 2020లో ముబషిర్ హసన్, 2021లో రెహ్మాన్, 2024లో రామదాస్, కరామత్ అలీ. విభజనకు ముందు పుట్టినవారికి అవతలి దేశం ఒక జ్ఞాపకం. ఈనాటి కుర్రవాడికి అది ఒక టెలివిజన్ దృశ్యం మాత్రమే. ఈ వేదికలో నాకు కనిపించే లోటు కూడా ఇక్కడే ఉంది. అది ఎక్కువగా ఆంగ్లం, ఉర్దూ, హిందీ తెలిసిన నగరవాసుల సంస్థగా నడిచింది. దక్షిణాన బెంగళూరులో ఒక సభ జరిగినా, తెలుగులో ఆ తీర్మానాలను చదివినవారు ఎందరు? జాలరుల సమస్య దొరికినప్పుడే అది తీరం వరకు రాగలిగింది. అందులోనూ అటు పాకిస్తాన్ మత్స్యకారుల సంఘం, ఇటు మన జాతీయ మత్స్యకారుల సంఘం తోడు నిలిచినందువల్ల సాధ్యపడింది.

తీరవాసి గారి మొదటి ప్రశ్నకు ఇప్పుడు నేరుగా జవాబు చెప్పగలను. మీ ఊరివాడు పట్టుబడిన చోటికి అందరికంటే దగ్గరగా ఉన్న నగరం కరాచీ. 1994 వరకు అక్కడ మన దౌత్య కార్యాలయం ఉంది. ఇప్పుడు లేదు. అధికారి ఇస్లామాబాద్ నుంచి కరాచీకి రావాలి. ఆ ఖాళీలో, ఫలానా జైలులో ఫలానా ఊరివారు ఉన్నారట, ఆరోగ్యం ఇలా ఉందట అనే కబురు మోసినవారు కరాచీలోని కార్మిక, మత్స్యకార సంఘాలవారు. వారికీ బొంబాయి మిత్రులకూ నడుమ పరిచయం ఈ సభలలో పెరిగినదే.

తీరవాసి (శ్రీకాకుళం):

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. విడుదలైనవారిలో ఒకరితో నిన్న మాట్లాడాను. కరాచీ నుంచి లాహోర్‌కు రైలులో తెచ్చారనీ, దారిలో పాకిస్తాన్‌లోని ఈధీ ఫౌండేషన్ అనే సేవా సంస్థ వారు అన్నం, బట్టలు, చేతి ఖర్చులకు కొంత డబ్బు ఇచ్చారనీ చెప్పాడు. పడవలో పట్టుబడినవాడు వెయ్యి కిలోమీటర్లకు పైగా రైలు ఎక్కి నేల సరిహద్దు మీదుగా రావడం ఎందుకో అతనికి ఇప్పటికీ అర్థం కాలేదు. పడవ తిరిగి రాలేదు. అది గుజరాత్ యజమానిది, ఇతనిది కాదు. జీతానికి వెళ్ళిన కళాసీ, బోటు నడిపిన తండేలు ఇద్దరికీ నష్టం ఒకటే.

మా వైపు సరైన జెట్టీ లేక, ఒడ్డు వేట గిట్టుబాటు కాక, ఏటా వర్షాలు పడగానే ఊళ్ళకు ఊళ్ళు గుజరాత్‌లోని వీరావల్ రేవుకు రైలు ఎక్కుతాయి. న్యాయశాస్త్ర విద్యార్థిని గారు చెప్పిన జాతీయత నిర్ధారణ గురించి ఇక్కడ ఎవరికీ తెలియదు. పట్టుబడిన మనిషి చెప్పిన పేరు, ఊరు సరైనవో కాదో తేల్చడానికి విచారణ చివరకు మన పోలీసు స్టేషనుకే వస్తుందని ఇప్పుడు అర్థమైంది. అందుకని ఈసారి ప్రయాణానికి ముందు, వెళ్ళే ప్రతి మనిషి ఆధార్, మత్స్యకార గుర్తింపు కార్డు నకళ్ళు, ఫోటో, బోటు పేరు, నమోదు సంఖ్య, యజమాని ఫోను నంబరు ఒక సంచిలో పెట్టి ఇంటి ఆడవారి చేతికి ఇవ్వాలని మా సంఘంలో అనుకున్నాము. ఆ సంచిలో పెట్టవలసిన కాగితాలు మరేవైనా ఉంటే దయచేసి ఇక్కడ రాయండి. మాకు జూలై వరకే సమయం ఉంది.